దారిలో ఒళ్ళు ఎవరి పూచీ?

తమ్ముడు: నా మాట ముందే చెప్పేస్తానక్కా, తర్వాత నువ్వు ఎంతైనా వాదించు. రోజూ దారి మీద ఉండే మనిషి ఆరోగ్యం చాలావరకు ఆ మనిషి చేతిలోనే ఉంది. మందుల కంపెనీ పని మీద నేను నాయుడుపేట నుంచి ఇటు నెల్లూరు, అటు తడ, పడమటికి శ్రీకాళహస్తి, తిరుపతి దాకా ఏళ్ల తరబడి తిరుగుతున్నాను. నాతోపాటు ఈ పనిలో చేరినవాళ్లలో కొందరికి నలభై రాకముందే షుగరు, కడుపులో పుండు, నడుం నొప్పి వచ్చేశాయి. అందరం తిరిగింది ఆ రోడ్లలోనే. ఒకరు ఖాళీ కడుపుతో బయల్దేరి పదకొండింటికి బోండాలు తిని, మూడింటికి అన్నం, అర్ధరాత్రి బిర్యానీ తిన్నారు. ఇంకొకరు వేళకు తిని వేళకు పడుకున్నారు. తేడా అక్కడే వచ్చింది.

అక్క: నీ దారీ నా దారీ ఒకటి కాదబ్బయ్యా. నీకు బండి ఉంది, ఎక్కడ ఆపాలనుకుంటే అక్కడ ఆపుతావు. నేరుగా చెన్నై పోయే రైలు అందని రోజు నేను సూళ్లూరుపేటలో దిగి లోకల్ ఎక్కాలి. ఆ లోకల్ బండ్లలో మరుగుదొడ్డే ఉండదు. నగరంలో పది స్టేషన్లు తిరగడానికి చేసిన పెట్టెలవి. వాటినే ఎనభై కిలోమీటర్ల పైన, రెండు గంటలకు మించిన ప్రయాణానికి నడుపుతున్నారు. అందుకని నేనేం చేస్తానో తెలుసా? రాత్రి ఎనిమిది దాటితే మంచినీళ్లు ముట్టను. పొద్దున కాఫీ సగమే. ఆఫీసు చేరేదాకా గొంతు తడుపుకోను. నాతో వచ్చే ఆడవాళ్లంతా ఇదే చేస్తారు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అందరం నేర్చుకున్నాం. ఇది ఎవరి చేతిలో ఉన్న ఆరోగ్యం?

తమ్ముడు: నీళ్ల సంగతి ఒప్పుకుంటాను. డాక్టర్ల గదుల బయట కూర్చుని నేను రోజూ వినేది అదే. నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడుతుంది, అందులోని లవణాలు పేరుకుని రాళ్లవుతాయి. ఆపుకునేకొద్దీ క్రిములు పెరగడానికి వ్యవధి దొరుకుతుంది. ఆడవాళ్లలో మూత్రనాళం పొట్టిది కాబట్టి మంట తొందరగా పట్టుకుంటుంది. ఒకసారి రాళ్లు వచ్చినవాళ్లకు డాక్టర్లు చెప్పేది, రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం పోయేటట్టు తాగమని. మన ఎండలకు అంటే మూడు లీటర్ల పైనే తాగాలి. అయితే పొద్దున తాగలేనిది ఆఫీసులో తాగొచ్చు కదక్కా. పదింటి నుంచి మూడింటి దాకా గంటకో గ్లాసు పట్టించి, రైలుకు రెండు గంటల ముందు ఆపితే దారిలో పోయిన దాంట్లో చాలావరకు పూడుతుంది. అట్టా తాగేవాళ్లు మీలో ఎందరు?

అక్క: తక్కువమందే. తాగని తప్పు మాదే అంటే కూడా పడతాను. కానీ పూడ్చుకొమ్మని మాకు చెప్పేవాళ్లు ఉన్నారు, పెట్టెలో తలుపు పెట్టమని అడిగేవాళ్లు లేరు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితమయ్యాయి. నేను మనసారా మెచ్చుకునే పని అది. చార్జీకి వెనకాడి ఆసుపత్రికి పోకుండా ఇంట్లోనే మూలిగిన ముసలమ్మలు ఇప్పుడు బస్సెక్కుతున్నారు. కానీ ఎక్కే ఆడవాళ్లు పెరిగినట్టే గడియ పడే తలుపులు, నీళ్లొచ్చే కుళాయిలు, వెలిగే దీపాలు పెరగాలి కదా! నెలసరి రోజుల్లో గుడ్డ మార్చుకోవడానికి, మార్చింది పారేయడానికి చోటు ఉండాలి కదా! నువ్వు గంటకో గ్లాసు అంటావు. నాకు గంటకో తలుపు కావాలి.

తమ్ముడు: హైవే మీద పెట్రోలు బంకుల్లో ఉన్నాయిగా.

అక్క: నీ కారు ఆగుతుంది. నా బస్సు ఆగదు.

తమ్ముడు: సరే, తిండికి వద్దాం. తిండి మాత్రం మన చేతిలోదే. బయట ఎన్నిసార్లు మరిగిందో తెలియని నూనె, ఎక్కడ పట్టారో తెలియని నీళ్లు. ఇంటి నుంచి క్యారియర్ కట్టుకుపోయే మనిషికి ఈ బెడద సగం తగ్గుతుంది. దీనికి ప్రభుత్వం రావాల్సిన పని లేదు.

అక్క: ఇంట్లో వండినంత మాత్రాన అన్నం పాడవదా? వండిన పదార్థాన్ని మామూలు వేడిలో రెండు గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అని ఒక క్రిమి ఉంటుంది. ఉడికించినా అది విత్తనంలా ముడుచుకుని బతికిపోతుంది, వెచ్చగా ఉంచితే మళ్లీ పెరిగి విషం వదులుతుంది. ఆ విషం తిరిగి వేడి చేసినా పోదు. రోహిణి కార్తెలో నెల్లూరు సీమలో 44 డిగ్రీల ఎండ కాస్తుంది. పొద్దున ఐదింటికి మూత బిగించిన వేడన్నాన్ని ఒంటిగంటకు తింటున్నాం. ఇంటిదనే నమ్మకం తప్ప దాంట్లో భద్రత ఏముంది?

తమ్ముడు: ఇక్కడ నువ్వు మన పెద్దవాళ్లను తక్కువ అంచనా వేస్తున్నావక్కా. దారి తిండి వేరు, ఇంటి తిండి వేరు అని వాళ్లకు బాగా తెలుసు. పులిహోర ఎందుకు ప్రయాణాలకు కడతారు? చింతపండు పులుపు బాగా పట్టిన అన్నంలో ఆ క్రిములు సులువుగా పెరగలేవు. దానికి ఉప్పు, నూనె తోడు. దద్దోజనం కూడా మేం ఇంట్లో పెరుగుతో కలపం. అన్నం వేడి తగ్గాక గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు వేసి మూత పెడితే, దారిలోనే తోడుకుని మధ్యాహ్నానికి కమ్మగా ఉంటుంది. పాలు తోడుకుంటున్నాయంటే అందులో మంచి క్రిములు పెరిగి పులుపు చేస్తున్నాయన్నమాట, చెడ్డవాటికి చోటు తగ్గుతుంది. మనం చేసే తప్పు వేడన్నం, ముద్దపప్పు, కొబ్బరి పచ్చడి ఒకే క్యారియర్లో ఆవిరితో సహా బిగించడం. అన్నాన్ని పళ్లెంలో పరిచి ఆరనిచ్చి కట్టాలి. ఎండాకాలం కొబ్బరి పచ్చడి, ఉడికించిన గుడ్డు దారికి పనికిరావు. మన చేపల పులుసు మర్నాటికి రుచెక్కుతుందని డబ్బాలో పెట్టుకుపోయేవాళ్లు ఉన్నారు. రుచి నిజమే, మే నెలలో బస్సులో మాత్రం వద్దు. ఇదంతా తెలిసిన ఇంట్లో దారి తిండికి భయం లేదు.

అక్క: బాగా చెప్పావు. ఇందులో ఒక్కటీ కాదనను. ఇప్పుడు ఒకటి అడుగుతాను. ఆ పళ్లెంలో అన్నం పరిచింది ఎవరు? పాలు గోరువెచ్చన అయ్యేదాకా పొయ్యి దగ్గర నిలబడింది ఎవరు? నువ్వు ఆరున్నరకు బయల్దేరితే మరదలు నాలుగున్నరకు లేవాలి. నీ కడుపు బాగుంది, వేళకు నిద్ర బాగుంది. అందులో కొంత ఆమె నిద్ర తగ్గించి తెచ్చిందే. ఇక నాలాంటి వాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు, వండేదీ నేనే, రైలెక్కేదీ నేనే. క్రమశిక్షణ అని నువ్వు అంటున్నదానికి వెనక ఇంకో మనిషి ఉండాలి. ఉంటేనే అది నిలుస్తుంది.

తమ్ముడు: ఆ మాట నేను తోసెయ్యలేను. మా ఇంట్లో అట్టాగే జరిగింది. అయితే దానికి మందు కూడా ఇంట్లోనే ఉందిగా. పులిహోర పులుసు ఆదివారం ఒక్కసారి ఉడికించి సీసాకెత్తితే వారమంతా వస్తుంది. తిరగమాత పెట్టడం, అన్నం కుక్కరెక్కించడం మగవాడికి చేతకాని పనులు కావు. నేను చేస్తాను. చూశావా, మళ్లీ మనం మార్చుకోగలిగిన దగ్గరికే వచ్చాం.

అక్క: చెయ్యి. సంతోషిస్తాను. ఆ మేరకు నీ వాదం గెలిచిందని కూడా అంటాను.

తమ్ముడు: ఇంకోటి, టీకా. ఊరూరా తినేవాళ్లకు టైఫాయిడ్ టీకా వేయించుకొమ్మని చెబుతాను. హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసినదాన్ని 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఆమోదిత జాబితాలో చేర్చింది. మన దగ్గరే పుట్టిన టీకా, పెద్దవాళ్లలో ఎందరు వేయించుకున్నారు? ఎవరూ అడ్డుకోలేదే!

అక్క: అదీ మంచిదే. టైఫాయిడ్‌కు పనికొస్తుంది. మురికి నీళ్లతో వచ్చే కామెర్లను మాత్రం ఆ టీకా ఆపదు. దానికి ముందు మంచి నీళ్లు కావాలి.

తమ్ముడు: నీళ్లంటే గుర్తొచ్చింది. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలల పైన దారిలోనే గడిచింది. తిరుగు ప్రయాణం కోస్తా వెంబడి, నెల్లూరు మీదుగా, మన వైపు నుంచే. ‘కాశీయాత్ర చరిత్ర’ తిరగేస్తే ఆయన ఏం చూశారో తెలుస్తుంది. ఏ మజిలీలో నీళ్లు ఎట్టా ఉన్నాయి, అంగళ్లలో ఏం దొరుకుతాయి, దిగడానికి నీడ ఉందా, సత్రం ఉందా అని రాసుకుంటూ పోయారు. వాంతిభేదులతో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన కాలమది. రైలు లేదు, సెలైను లేదు. ముందుచూపుతో తన ఒళ్ళు తాను కాపాడుకుని వచ్చిన ప్రయాణికుడు. మనకు అన్నీ ఉండీ ఆ శ్రద్ధ లేదంటాను.

అక్క: ఆ పుస్తకం నాకూ ఇష్టమే. కానీ నువ్వు సగమే చదివావు. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. వెంట వందమంది దాకా పరివారం, ఎక్కడానికి మేనా. మేనాలో కూర్చున్న మనిషి ఇవాళ ఇక్కడ ఆగుదాం అంటే ఆగుతుంది. మోసే బోయీకి కాళ్లు లాగినా ఆగమనే హక్కు ఉందా? దారి మీద ఆరోగ్యం చేతిలో ఉన్నదీ లేనిదీ అక్కడే తేలిపోతుంది. ఇంకో సంగతి. ఆయన దిగిన సత్రాలు, తాగిన బావులు ఎవరో దారిన పోయేవాళ్ల కోసం తవ్వించి కట్టించినవి. దారిన పోయేవాడి దాహం ఊరి బాధ్యత అనుకున్నవాళ్లం మనం. ఎండాకాలం ఇప్పటికీ వీధి మొగన చలివేంద్రం పెడతాం. ఇంటి నుంచి సీసా తెచ్చుకోలేదేం, నీకు క్రమశిక్షణ లేదా అని అక్కడ ఎవరూ అడగరు.

తమ్ముడు: చలివేంద్రం కుండలో నీళ్లు ఎవరు మారుస్తున్నారో కూడా చూడాలక్కా. దానం చేసిన నీళ్లైనా మురికైతే జబ్బే. సరే, బోయీ మాట ఎత్తావు కాబట్టి లారీ డ్రైవరు దగ్గరికి వద్దాం. మన ఊరి పక్కనుంచి పోయే పదహారో నంబరు జాతీయ రహదారి చెన్నై నుంచి కోల్‌కతా దాకా పోతుంది, ఆ దారిలో రాత్రంతా లారీలే. వాళ్లకు నేను చెప్పే మాట ఒక్కటే. కళ్లు మూతలు పడుతుంటే పాట పెట్టడం, మొహం కడుక్కోవడం, అద్దం దించడం ఏదీ కాపాడదు. బండి పక్కకు తీసి, టీయో కాఫీయో తాగి, వెంటనే ఓ పావుగంట పడుకోవాలి. లేచేసరికి కాఫీ కూడా పనిచేయడం మొదలుపెడుతుంది. ఇది నేర్చుకున్న డ్రైవరు ఇంటికి చేరతాడు.

అక్క: పదిహేడు గంటలు వరసగా మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం సారా ఉన్న మనిషితో సమానమని పరిశోధనల్లో తేలింది. మన చట్టం డ్రైవరుకు ఒప్పుకునే హద్దు 0.03 శాతం. తాగి నడిపేవాణ్ణి పట్టుకోవడానికి రోడ్డు మీద పోలీసులు ఉన్నారు. నిద్రలేకుండా నడిపించే యజమానిని పట్టుకోవడానికి ఎవరున్నారు? రోజుకు ఎనిమిది గంటల పని, ఐదు గంటలు నడిపాక అరగంట విశ్రాంతి అని 1961లోనే చట్టం రాశారు. ట్రిప్పుకింత అని కూలి కట్టించుకునే డ్రైవరు ఆ అరగంట ఆగితే ఎవరి డబ్బు పోతుంది? వాడిదే. నీ పావుగంట కునుకు ఉచితం కాదు తమ్ముడూ.

తమ్ముడు: చట్టం ఉన్నా ఆగలేదంటున్నావు. అదే నా బాధ కూడా! కాగితం మీద రాసింది ఒంటి మీదకు రావడానికి తరాలు పడుతుంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యరకం, పెద్ద లారీలకు డ్రైవరు గదిలో ఏసీ తప్పనిసరి చేశారు. గొప్ప మార్పు, నేను తలవంచుతాను. కానీ అంతకు ముందే తయారైన లారీలు ఇంకో పదేళ్లో పదిహేనేళ్లో తిరుగుతూనే ఉంటాయి. ఆ పాత బండిలో, ఇంజను వేడి పక్కన, మే నెలలో మన ఊరు దాటే డ్రైవరుకు ఇవాళ ఏం చెబుతావు? నీ కొడుక్కి ఏసీ వస్తుందిలే అంటావా? నేను తడిగుడ్డ మెడకు చుట్టుకో, ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్లలో కలిపి పక్కన పెట్టుకో అంటాను. అది ఈ మధ్యాహ్నానికే పనికొస్తుంది.

అక్క: ఓఆర్ఎస్ మాట నువ్వే తెచ్చావు, మంచిదైంది. అసలు పొట్లంలో లీటరుకు 20.5 గ్రాముల పొడి. అందులో ఉప్పు 2.6, గ్లూకోజు 13.5 గ్రాములు, మిగతావి పొటాషియం, సిట్రేటు లవణాలు. గ్లూకోజు, ఉప్పు తగిన పాళ్లలో కలిస్తేనే పేగు నీటిని లోపలికి లాక్కుంటుంది. చక్కెర ఎక్కువైతే నీళ్లు ఎదురు పేగులోకే వచ్చి విరేచనం పెరుగుతుంది. అయినా ఏళ్ల తరబడి తీపి పానీయాల డబ్బాల మీద ఓఆర్ఎస్ అని రాసి మందుల షాపుల్లోనే అమ్మారు. నీ మాట విని షాపుకు పోయిన డ్రైవరు ఏది కొన్నాడో నీకు తెలుసా? హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లకేళ్లు పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకూడదని ఉత్తర్వులిచ్చింది. ఎంత జాగ్రత్త గల ప్రయాణికుడైనా, ఆ జాగ్రత్తను అంగట్లో దొంగిలిస్తే ఏం చేస్తాడు?

తమ్ముడు: దాన్నే నేను ఇంకోలా చదువుతాను. ఆ ఉత్తర్వు తనంతట తాను రాలేదు. ఒక మనిషి డబ్బా మీది చిన్న అక్షరాలు చదివింది, నిజం చెప్పింది, వదల్లేదు. ఒంటి మనిషి శ్రద్ధతోనే మొదలైంది కదా?

అక్క: మొదలైంది. ఆమె తన పిల్లల వరకు డబ్బాలు చదివి కొనుక్కుని ఊరుకోలేదు. అదే నేను అడిగేది.

తమ్ముడు: అయితే ఒక సూటి ప్రశ్న. ఇంత కష్టమైతే చెన్నైలోనే ఒక గది తీసుకోరాదా? ప్రయాణమే పోతుంది.

అక్క: అద్దె ఒకటి. అమ్మా నాన్నా ఇక్కడ, పిల్ల బడి ఇక్కడ. ఆ మాట అట్టా ఉంచి, సాయంత్రం నా ఇంట్లో నా మంచం మీద పడుకుంటాననే ఆశే ఆ రెండు గంటలు నన్ను కూర్చోబెడుతుంది. ప్రయాణం మానమనేవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోరు.

తమ్ముడు: ఒప్పుకుంటాను. బయట లాడ్జీలో ఎంత మెత్తటి పరుపైనా నాకూ ఇంట్లో పట్టిన నిద్ర పట్టదు. కూర్చోవడం అన్నావు కాబట్టి చెబుతాను, నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఇంచుమించు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. విమానమే కాదు, బస్సు, కారు, రైలు అన్నీ. మడమలు ఎత్తి దించుతూ ఉండు, పిక్కలు పనిచేస్తాయి.

అక్క: సీటు దొరికిన రోజు చేస్తాను. నిలబడ్డ రోజు పాదాలు వాస్తాయి, అది వేరే జబ్బు. సరే, ఇప్పుడు ఒక పిల్ల సంగతి మాట్లాడదాం. మా వీధిలో ఇంటర్ అయిన పిల్లకు శ్రీసిటీలో పని వచ్చింది. సోమవారం నుంచి రాత్రి షిఫ్టు, కంపెనీ బస్సు ఇక్కడే ఎక్కుతుంది. రాత్రి పనిని ‘బహుశా క్యాన్సర్ కలిగించేది’ అన్న కోవలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చేర్చింది, 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. ఒళ్ళు పగలు, రాత్రి లెక్కతో నడుస్తుంది. ఆ లెక్క ఆ పిల్ల రాయలేదు, షిఫ్టు కూడా ఆ పిల్ల రాయలేదు. దానికి నువ్వేం చెబుతావు?

తమ్ముడు: చెప్పేవి చాలా ఉన్నాయి. పొద్దున ఇల్లు చేరేటప్పుడు ఎండ కళ్లలో పడకుండా చూసుకొమ్మంటాను, పడితే నిద్ర ఎగిరిపోతుంది. వచ్చీ రాగానే ఏదైనా తేలిగ్గా తిని చీకటి గదిలో పడుకొమ్మంటాను, ఫోను బయట పెట్టమంటాను. అర్ధరాత్రి దాటాక బరువు తిండి వద్దంటాను. సెలవు రోజున కూడా నిద్రవేళను మరీ తలకిందులు చేసుకోవద్దంటాను. వాళ్లమ్మతో కూడా మాట్లాడతాను, పగలు పడుకున్న పిల్లను చుట్టాలు వచ్చారని లేపొద్దని. ఈ ఆఖరి మాటకే అన్నిటికన్నా ఎక్కువ విలువ.

అక్క: అవన్నీ చెప్పు, నేను కూడా పక్కన కూర్చుంటాను. నేను మాత్రం బస్సు దారిలో ఎక్కడ ఆగుతుంది, ఆగినచోట ఆడవాళ్లకు తలుపు ఉందా, వారానికోసారి షిఫ్టు మారుస్తారా నెలకోసారా, ఇవి అడగమంటాను. ఒక్కతే అడిగితే పేరు గుర్తుపెట్టుకుంటారు, అదే బస్సులో వచ్చే పిల్లలందరూ ఒక కాగితం మీద సంతకాలు పెట్టమంటాను.

తమ్ముడు: చేరిన వారంలోనే కాగితం పెడితే ఆ పిల్ల ఉద్యోగం ఉంటుందా? నీ న్యాయానికి మూల్యం కట్టేది పద్దెనిమిదేళ్ల పిల్ల. నా మాటలకు ఎవరూ దాన్ని పనిలోంచి తీసెయ్యరు.

అక్క: అది నిజం. ఆ భయం నాకూ ఉంది. అందుకే మొదటి సంతకం దానిది కాకూడదు. ఉద్యోగం పోతుందన్న బెదురు లేని మాలాంటివాళ్లం ముందు పెట్టాలి, వాళ్ల పేర్లు కింద రావాలి.

తమ్ముడు: పెట్టండి. నేనూ పెడతాను. దానికి నెల పడుతుందో, ఏడాది పడుతుందో. సోమవారం రాత్రి మాటేంటి? బస్సెక్కే ముందు ఆ పిల్ల నన్ను అడుగుతుంది, మామా, నీళ్లు తాగనా వద్దా అని.

అక్క: ఆ బస్సులో పోయే పాత పిల్లలను అడిగి చూడు. తాగొద్దనే చెబుతారు.

తమ్ముడు: నేను తాగమనే చెబుతానక్కా.

అక్క: చెప్పు. చెప్పి, డ్రైవరు దగ్గరికి నువ్వే పోయి బస్సు ఎక్కడ ఆపుతాడో కూడా అడుగు.